రాజమండ్రి మెకానిక్ చేసిన వైరింగు

మా ఆయన తుంటి ఎముక విరిగింది మా రొయ్యల చెరువు గట్టు మీదే. వానకి నానిన గట్టు, మోటారు సైకిలు, వెనక మేత బస్తా. బండి జారి బస్తాతో సహా ఆయన మీద పడింది. భీమవరంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. లేచి తిరిగారు గానీ ఎడమ కాలు మునుపటిలా కాలేదు. ఇంట్లో చేతికర్రతో నడిచేవారు. బురద గట్టు మీద నాలుగడుగులు వేయడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు.

మా చెరువులు నరసాపురానికి దిగువన, సముద్రం వైపు. ఒకప్పటి వరిచేలే. రొయ్యలు వేశాక అది ఇంట్లో కూర్చుని చేసే సేద్యం కాకుండా పోయింది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళకి గట్టు మీద ఉండి, నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. మేత చల్లాక చెక్ ట్రేలు పైకి లాగి, రొయ్య తిన్నదో మిగిల్చిందో చూడాలి. ఈ పనులన్నీ ఆయన పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్నవే. పడిపోయాక సగం నా మీద, సగం మా మరిది మీద పడ్డాయి. మరిది చెరువులు మా చెరువుల పక్కనే. అన్నదమ్ముల వాటాల మధ్య ఒక్క గట్టే అడ్డం.

ఈయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను చెరువు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేలోపే ప్రశ్నలు మొదలయ్యేవి. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, నురగ ఎటువైపు పట్టింది, మూల ఏరియేటరు చప్పుడు చేస్తోందా. నేను ఏం చెప్పినా నమ్మేవారు కాదు. "నువ్వు చూడటం వేరు, నేను చూడటం వేరు" అనేవారు. అందులో అబద్ధం లేదు, అందుకే ఊరుకునేదాన్ని.

అటువంటప్పుడు వచ్చింది ఆ బండి. బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే లావు టైర్ల బండ్లు ఉంటాయి. నాలుగు చక్రాలు, మోటారు సైకిలు లాంటి హ్యాండిలు. పేరుపాలెం వైపు అలాంటివి తిప్పుకునే ఒకాయన వ్యాపారం మానేస్తూ ఒక బండి అమ్మకానికి పెట్టాడని మరిది చెప్పాడు. ఇసకలో పోయేది బురదలో పోదా అని ఈయనకి ఆశ పుట్టింది. వెళ్ళి తెచ్చుకున్నారు. చుట్టుపక్కల అందరూ దాన్ని బీచ్ బండి అనేవారు.

మొదటిసారి దాని మీద కూర్చుని గట్టంతా చుట్టి వచ్చిన రోజు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. పడిపోయాక మొదటిసారి తన చెరువులు తను చూసుకున్నారు. ఇంటికొచ్చి, "ఆ మూల ఏరియేటరు రెక్క ఒకటి విరిగింది, నీకు కనపడలేదా?" అన్నారు. నన్ను తప్పుపట్టినా ఆ పూట నాకు బాధ అనిపించలేదు.

వానలు మొదలవగానే బండి మొరాయించింది. సెల్ఫ్ నొక్కితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. స్టార్టయిన రోజున లైటు వెలిగేది గానీ, అగ్గిపుల్ల వెలుతురంత కూడా ఉండేది కాదు. దారిలో ఆగిపోతే ఆయన దిగలేరు, తోయలేరు. ఎవరైనా కనపడేదాకా బండి మీదే కూర్చునేవారు. ఒకసారి అలా చాలాసేపు వానలో తడిసి వచ్చి, అన్నం తినకుండానే పడుకున్నారు.

నరసాపురంలో మోటారు సైకిళ్ళ మెకానిక్కులు చూడనే చూడలేదు. "ఇది మా లైను కాదండి" అన్నారు. భీమవరంలో కార్ల ఎలక్ట్రీషియన్ సీటు ఎత్తి చూసి, వైరింగు మొత్తం పోయింది, ఆ సెట్టు ఎక్కడా దొరకదు అని సీటు మళ్ళీ బిగించేశాడు. ఎవరో రాజమండ్రిలో ఒక మెకానిక్ ఉన్నాడని నంబరు ఇచ్చారు. ఈయన ఫోన్ చేశారు. ఎల్లుండి వస్తానండి అన్నాడు. మళ్ళీ చేస్తే వచ్చేవారం అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

నేను చూస్తానని అంటే ఈయన నవ్వలేదు, కోప్పడలేదు. వినపడనట్టు ఊరుకున్నారు.

మా నాన్నది పెనుగొండలో మోటార్ల వైండింగు షాపు. కాలిపోయిన మోటారు లోపలి రాగితీగ తీసేసి కొత్తది చుట్టే పని. సీజనులో పని ఎక్కువైతే కాయిల్సు ఇంటికి తెచ్చేవారు. చుట్టడం, కొసలు గీకడం, టంకం పెట్టడం, బల్బు పెట్టి కరెంటు పారుతోందో లేదో చూడటం నాకు ఇంట్లోనే వచ్చేశాయి. తమ్ముడికి ఆ పని మీద ధ్యాస ఉండేది కాదు. షాపు వాడికే వచ్చింది. వాడు దాన్ని మూసేసి ఫ్యాన్సీ సామాన్లు పెట్టుకున్నాడు. నాకు పెళ్ళయింది. పెళ్ళయ్యాక ఇస్త్రీపెట్టె తీగ మార్చడం తప్ప ఆ చేతులతో నేను చేసిన పనేమీ లేదు.

నరసాపురంలో మల్టీమీటరు ఒకటి, క్లిప్పులు నొక్కే కట్టరు ఒకటి కొనుక్కొచ్చాను. పశువుల పాక ఖాళీగానే ఉంది. బండిని అందులోకి తోయించి, సీటు, పైన ఉన్న ప్లాస్టిక్కు రేకులు ఊడదీశాను. లోపల చూస్తే ఏడుపొచ్చింది. ఉప్పుగాలికి ప్రతి అతుకూ పచ్చగా చిలుం పట్టి ఉంది. తెగినచోటల్లా ఎవరో రెండు తీగలు మెలేసి టేపు చుట్టేశారు. కొన్నిచోట్ల టేపు కూడా లేదు, పాలిథిన్ కాగితం కట్టి ఉంది.

మొదట బ్యాటరీ చూశాను. ఊరికే ఉన్నప్పుడు బాగానే చూపించింది. సెల్ఫ్ నొక్కుతూ, మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ ఇంకో కొస ఇంజను ఇనుముకీ ఆనించి చూడాలి. ఒక మనిషికి చేతులు చాలవు. వరండాలోంచి ఈయన చూస్తున్నారు.

"కాస్త వచ్చి ఆ బటన్ నొక్కుతారా?" అన్నాను.

కర్ర పట్టుకుని వచ్చారు. నొక్కారు. అక్కడ సున్నా చూపించాల్సిన మీటరు ముల్లు పైకి లేచింది.

"అంటే ఏంటి?" అన్నారు.

"అంటే బ్యాటరీలో బలం ఉంది గానీ, బ్యాటరీ నుంచి ఇంజనుకి పోయే ఎర్తు తీగ దగ్గర తుప్పు దాన్ని మధ్యలోనే తినేస్తోంది. సెల్ఫ్ మోటారుకి చేరడం లేదు."

ఆయన కాసేపు ఆ తుప్పు పట్టిన బోల్టు వంక చూశారు. వెళ్ళి కుర్చీ తెచ్చుకుని పాకలో వేసుకున్నారు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఇద్దరం ఆ పనే. ఎర్తు బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త తీగ బిగించి, పైన గ్రీజు రాశాను. మెలేసిన అతుకులన్నీ కోసేసి టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. ఆయన టార్చి పట్టుకునేవారు, మీటరు చదివి చెప్పేవారు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టుల దాకా రావాలి, పన్నెండు దగ్గరే ఆగిపోతోందని కనిపెట్టింది ఆయనే. రెగ్యులేటరు దగ్గర క్లిప్పు కాలి బొగ్గయిపోయి ఉంది. బ్యాటరీకి ఎక్కాల్సిన కరెంటు ఎక్కడం లేదు. "ఇదన్నమాట సంగతి" అని ఆయన నా భుజం మీద తట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒక పని మీద అలా కలిసి కూర్చోవడం అదే. ఆ రోజులు నాకు నిజంగా సంతోషంగా గడిచాయి. అది దాచుకోవడం ఎందుకు.

రెగ్యులేటరు తెప్పించి వేశాక బండి ఒక్క నొక్కుకే స్టార్టయింది. ఆయన గట్టు చుట్టి వచ్చి, "బాగుంది" అన్నారు.

లైట్ల పని ఆ తర్వాత పెట్టుకున్నాను. దాని బల్బు ఎంత బాగుచేసినా ఇసకలో పగటిపూట తిరిగే బండికి పెట్టినదే. తెల్లవారుజామున గట్టు అంచు కనపడాలంటే చాలదు. ఆ బండి తయారుచేసే కరెంటు తక్కువ. పెద్ద లైట్లు పెడితే బ్యాటరీ ఎండిపోతుంది. అందుకని చిన్న ఎల్ఈడీలు రెండు ముందుకి, ఒకటి వెనక్కి చాలనుకున్నాను. వెనకది చెక్ ట్రే లాగినప్పుడు చూసుకోవడానికి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. ఎక్కడైనా తీగ ఒరుసుకుని ఇనుముకి తగిలితే ముందు ఫ్యూజు పోవాలి, తీగ కాలకూడదు. స్విచ్చి మీద భారం పడకుండా మధ్యలో రిలే పెట్టాను. తీగలన్నీ గొట్టంలోంచి పోనిచ్చి, ఇంజను వేడికి దూరంగా చట్రం వెంట కట్టాను.

పొద్దుగూకే వేళ పాక గోడకి ఎదురుగా బండి పెట్టి లైట్లు వంచుకున్నాం. చెరువు మీద మంచు లేస్తే పైకి చూసే లైటుకి తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. "ఇంకా కిందకి, ఇంకొంచెం" అని ఆయన చెబుతుంటే నేను బోల్టులు బిగించాను. మర్నాడు తెల్లవారుజామున ఆయన బయలుదేరితే నేను డాబా ఎక్కి చూశాను. ఆ వెలుతురు గట్టు వెంట మెల్లగా వెళ్ళి, మూల తిరిగి, ఏరియేటర్ల దగ్గర ఆగి, మళ్ళీ కదిలింది. చలిలో అలాగే నిలబడి, అది తిరిగి వచ్చేదాకా చూశాను.

ఆ వారంలోనే చుట్టుపక్కల చెరువుల వాళ్ళు నలుగురు ఆ బండి చూడటానికి వచ్చారు. నేను లోపల టీ పెడుతున్నాను.

"వైరింగు ఎంత శుభ్రంగా ఉందండీ. ఎవరు చేశారు?" అని ఎవరో అడిగారు.

"రాజమండ్రి నుంచి ఒక మెకానిక్ వచ్చాడండి. ఇక్కడే ఉండి చేసి వెళ్ళాడు" అన్నారు మా ఆయన.

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆయన నన్ను చూశారు. చూసి, తల తిప్పుకుని బండి వైపు చెయ్యి చూపిస్తూ మాట్లాడటం కొనసాగించారు. మరిది అక్కడే ఉన్నాడు. నేను చేస్తున్నన్నాళ్ళూ రోజూ పాకలోకి తొంగిచూసి వెళ్ళినవాడే. వాడూ ఏమీ అనలేదు. టీ ఇచ్చి లోపలికి వచ్చేశాను.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "ఎందుకండీ అలా చెప్పారు?"

"ఏమని చెప్పమంటావు? మా ఆవిడ చేసిందనా? ఇప్పటికే నన్ను కుంటివాడి కింద చూస్తున్నారు. పెళ్ళాం చేత బండి బాగుచేయించుకుంటున్నాడని కూడా అనిపించుకోవాలా?"

ఆయన కాలు గుర్తొచ్చింది. పోనీలే, ఆయన ధైర్యంగా తిరుగుతున్నారు, అదే చాలనుకున్నాను. అలా అనుకోవడం నాకు అలవాటే.

కానీ ఆ మెకానిక్ అక్కడితో ఆగలేదు. ఊళ్ళో ఎవరు అడిగినా ఈయన కొత్తగా ఏదో ఒకటి చేర్చి చెప్పేవారు. నిదానస్తుడట. తక్కువ మాట్లాడతాడట. మనం ఏం పెడితే అది తింటాడట. మా ఇంట్లో నా వంట తిని మెచ్చుకున్నాడని కూడా ఒకరోజు చెప్పారు. నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నాను. జనం అతని నంబరు కావాలని వెంటపడ్డారు. ఇక తప్పించుకోలేక, "గల్ఫ్ వెళ్ళిపోయాడండి" అనేశారు. అప్పటికి ఆ మనిషి ఉన్నాడని ఆయనకే నమ్మకం కుదిరిందేమో అనిపించింది. పని జరిగిన రోజుల గురించి మాట్లాడుతూ ఓసారి నాతోనే, "అతను ఎర్తు బోల్టు రుద్దినప్పుడు..." అని మొదలుపెట్టి, చప్పున ఆగిపోయారు.

మరిదికి ఆ లైట్లు చాల్లేదు. "వదినా, హైవే మీద జీపులకి పెడతారు చూడండి, పొడుగు లైటు బారు, అలాంటిది పెడదాం. గట్టంతా పగలైపోతుంది" అన్నాడు.

"ఈ బండి అంత కరెంటు ఇవ్వలేదు. తీగలు కూడా ఆగవు. నేను లెక్క చూసుకునే చిన్నవి పెట్టాను" అన్నాను.

"మీకన్నీ భయాలే" అని నవ్వి వెళ్ళాడు.

మా నాన్న తద్దినానికి నేను పెనుగొండ వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి బండి ముందు పొడుగాటి లైటు బారు మెరుస్తూ ఉంది. దానికి తోడు పెద్ద హారను. మరిది తనే కూర్చుని బిగించాడట.

"దీనికి తీగ ఎక్కణ్ణుంచి లాగావు? ఫ్యూజు పెట్టావా?" అన్నాను.

"అన్నీ పెట్టాం వదినా."

"ఒకసారి సీటు ఎత్తి చూస్తాను."

మా ఆయన అప్పటికే బండి ఎక్కి కూర్చున్నారు. "చెరువు మీదకి వేళవుతోంది. రేపు చూద్దువు గాని."

"ఒక్క నిమిషం పట్టదండి. దిగండి."

"వాడు చేస్తే అందులో తప్పు వెతకాలా? వాడూ చదువుకున్నవాడే" అని తాళం తిప్పారు. నేను హ్యాండిలు పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి తీసేశారు. గట్టిగా కూడా కాదు, చిన్నపిల్ల చెయ్యి తీసినట్టు తీసి, వెళ్ళిపోయారు.

ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నేను పొయ్యి వెలిగించేలోపే గట్టు వైపు నుంచి అరుపులు వినపడ్డాయి. పరిగెత్తాను. చెరువు మూల నుంచి నల్లటి పొగ లేస్తోంది. ఆయన సీటు కింద నుంచి పొగ చూసి బండి ఆపారట. ఆపితే మాత్రం, ఆ కాలు సీటు మీదుగా ఇవతలికి తిప్పడానికి ఆయనకి మామూలుగానే చాలాసేపు పడుతుంది. పక్క చెరువులో పనిచేస్తున్న వాళ్ళు చూసి, చంకల కింద చేతులు వేసి లాగేశారు. అప్పటికే పంట్లాం అంటుకుని బాగున్న కాలి పిక్క కాలింది. బకెట్లతో చెరువు నీళ్ళు పోసి, బురద చల్లి మంటలు ఆర్పారు. నేను వెళ్ళేసరికి ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నారు. బండి సగం వరకు నల్లటి అస్థిపంజరంలా ఉంది. ప్లాస్టిక్కు కాలిన వాసనకి కళ్ళు మండుతున్నాయి.

చుట్టూ జనం చేరారు. మొన్న బండి చూడటానికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకాయన, "ఎంత పని జరిగిందండీ. ఆ రాజమండ్రి మెకానిక్ ఎవడోగానీ వాణ్ణి వదలకూడదు. మనుషుల ప్రాణాలతో ఆటలా?" అన్నాడు.

మా ఆయన ఆయాసంతో ఉన్నారు. తల ఎత్తి అందరి వంకా చూశారు. నా వంక కూడా చూశారు.

"రాజమండ్రీ లేదు, మెకానిక్కూ లేడండి" అన్నారు. "వైరింగు అంతా మా ఆవిడే చేసింది. నాకు తెలుసు నాకు తెలుసు అని తనే పెట్టుకుంది. వద్దంటే వినలేదు."

ఒకళ్ళిద్దరు నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. మరిది ఆ గుంపులోనే, నాకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు. నేను వాడి వైపే చూశాను. వాడు వంగి, కిందపడిన చేతికర్ర తీసి, అన్నగారికి అందించాడు.

ఆయన పిక్క మీద చర్మం ఊడి ఉంది. ముందు ఆసుపత్రి. ఆటోలో ఆయన నా భుజం మీదే వాలి కూర్చున్నారు, నొప్పికి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నేను విడిపించుకోలేదు.

ఆ కబురు చెరువుల మీద మాకన్నా ముందే తిరిగింది. కూరల బండి దగ్గర ఒకావిడ, "మీరే చేశారటగా అండీ? మనకెందుకండీ అలాంటి పనులు" అంది. జాలిగానే అంది. నేను చేయలేదని చెబితే అబద్ధం. చేశానని చెబితే కాల్చింది నేనేనని అర్థం. వంకాయలు తీసుకుని వచ్చేశాను.

ఆయన ఆసుపత్రి నుంచి రాకముందే, పొద్దున్నపూట స్క్రూడ్రైవరు, కట్టరు తీసుకుని బండి దగ్గరికి వెళ్ళాను. బురద ఎండి అట్టలు కట్టింది. దాన్ని దులిపి తీగలు ఒక్కొక్కటీ చూశాను. నేను వేసినవి పైన మాడాయి గానీ లోపల రాగి నిలువునా అలాగే ఉంది. అవి బయటి మంటకి మాడినవి. నా ఫ్యూజు గూడు సగం కరిగినా, లోపల తీగ తెగలేదు. నా లైట్ల దారిలో ఎక్కడా ఎక్కువ కరెంటు పారలేదు. వాటి పక్కన ఇంకో తీగ ఉంది. స్పీకర్లకి వాడే సన్నటి తీగ. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా లైటు బారుకి పోతోంది. మధ్యలో ఫ్యూజు లేదు, రిలే లేదు. సైలెన్సరు పక్కనుంచి లాగాడు. అక్కడ తొడుగు కరిగి, తీగ ఇనుముకి ఆని, బ్యాటరీ బలమంతా దాంట్లోంచే పారింది. రాగి కరిగి పూసలు పూసలుగా అయింది. మా నాన్న కాలిన మోటార్లలో చూపించేవారు అలాంటివి.

రెండు తీగలూ కోసి ఇంటికి తెచ్చాను. ఆయన వచ్చి కాస్త తేరుకున్నాక, మంచం మీద ఆయన ముందు పక్కపక్కన పెట్టాను.

"ఇది నాది. ఇది మీ తమ్ముడిది. మీకు తెలియనిది కాదు, టార్చి పట్టుకుని అన్నీ చూశారు కదా. ఏది కాలిందో మీరే చెప్పండి."

ఆయన వాటిని ముట్టుకోలేదు. ఊరికే చూశారు.

"తెలుసు" అన్నారు.

నేను ఆ మాట ఊహించలేదు. వాదిస్తారనుకున్నాను, కోప్పడతారనుకున్నాను.

"తెలుసా?"

"వాడు తీగ లాగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఫ్యూజు పెట్టరా అన్నాను. తర్వాత పెడదాం అన్నాడు."

"మరి అందరిలో నా పేరు ఎందుకు చెప్పారండీ?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. "వాడు రేపు రొయ్యలు కొనేవాళ్ళతో మాట్లాడాలి, కూలీల చేత పని చేయించాలి. నా కాలు ఇలా ఉంది. నలుగురిలో వాడి మాట పోతే మనకే నష్టం. నీకైతే ఏముంది? ఇంట్లో ఉండేదానివి."

నేను తీగలు తీసుకుని లేచాను. ఆయన ఏదో అడిగారు, మంచినీళ్ళనుకుంటాను. తెచ్చి ఇచ్చాను.

మరిది బత్తాయిలు పట్టుకుని వచ్చాడు, అన్నగారిని చూడటానికి. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "ఏమీ అనుకోకండి వదినా" అన్నాడు.

"అనుకోను. మొన్న గట్టు మీద ఉన్నవాళ్ళలో ఒక్కళ్ళకి నిజం చెప్పు. ఒక్కళ్ళకి చెబితే చాలు, వాళ్ళే అందరికీ చెబుతారు."

"అన్నయ్య ఒక మాట అన్నాక నేను కాదంటే బాగుంటుందా అండీ?" అన్నాడు. ఎప్పుడూ వదినా అని ముగించేవాడు, ఆ మాట చివర మాత్రం అండీ అన్నాడు.

కాలిన బండిని పాత ఇనుము కొనేవాళ్ళు తీసుకుపోయారు. పిక్క మీద గాయం మానింది, మచ్చ మిగిలింది. ఆయన మళ్ళీ వరండాలో కుర్చీలోకి వచ్చారు. ఎండాకాలం రాగానే ఒకరోజు, కాకినాడలో ఇంకో బండి అమ్మకానికి ఉందట అన్నారు. "వైరింగు నువ్వు ఒకసారి చూసుకుంటే తీసుకుందాం. ఈసారి వాణ్ణి ముట్టుకోనివ్వను."

"నేను చూడను" అన్నాను.

"అలిగావా?"

"అలగలేదు. చూడను."

రెండు పూటలు చూసి నేను మెత్తబడతానని అనుకున్నారు. నేను మెత్తబడలేదు. ఆయన బండి కొనలేదు. నేను ఆయన్ని ఆ కుర్చీకి కట్టిపడేశానని మా ఆడపడుచు ఫోనులో అంది. కట్టిపడేశానేమో. ఆ మాట నన్ను గుచ్చలేదని చెప్పలేను. కానీ మల్టీమీటరు మాత్రం మళ్ళీ బయటికి తీయలేదు.

చెరువుల పని ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. మరిది తనకోసం షోరూములో కొత్త బండి కొనుక్కున్నాడు, లైట్లు అక్కడే బిగించి ఇచ్చారు. ఆమధ్య తెల్లవారుజామున ఏరియేటర్లు చూడటానికి టార్చి పట్టుకుని వెళ్తుంటే, గట్టు మధ్యలో ఆ బండి ఆగి ఉంది. లైట్లు వెలగడం లేదు. వాడు సెల్‌ఫోను వెలుతురులో సీటు కింద వెతుకుతున్నాడు.

"వదినా, మంచివేళకి వచ్చారు. ఇది ఒకసారి చూస్తారా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పను లెండి" అన్నాడు.

"చెబుతానంటే చూస్తాను" అన్నాను.

వాడు నవ్వాడు. నేను వేళాకోళం ఆడాననుకున్నాడు. నేను నవ్వకపోయేసరికి మళ్ళీ సీటు కిందకి వంగాడు. బండి పక్కనుంచి గట్టు అంచున జాగ్రత్తగా దాటుకుని వెళ్ళాను. మూల ఏరియేటరు ఆగిపోయి ఉంది. నీళ్ళ అంచున రొయ్యలు పైకి తేలుతున్నాయి. స్టార్టరు డబ్బా తెరిచి, మోటారు వేసి, అది ఊపందుకునేదాకా అక్కడే నిలబడ్డాను.